పన్నెండు కార్డుల వరుస

"ఆకుపచ్చ ఎక్కువున్న కార్డు ఎడమ చివర పెట్టు. అక్కణ్నుంచి ఎరుపు పెరుగుతూ పోవాలి," అంటూ మురళీ పన్నెండు కార్డులను బల్ల మీద పరిచాడు.

హన్మంతు వంగి చూశాడు. పన్నెండింటి మీదా ఒకే మనిషి. టోపీ పెట్టుకుని, భుజాన బ్యాటు మోపుకుని ఒకేలా నవ్వుతున్నాడు.

"ఎవరు సార్ ఈయన?"

"అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాడు. అరవై ఏళ్ల కిందటి కార్డులివి. బొమ్మ ఒకటే, ప్రెస్సు ఒకటే. ఇంకు మారినప్పుడల్లా రంగు కొంచెం మారింది. అలా మారినవాటినే వెతికి మరీ దాచుకుంటారు."

"మనం గిట్ల కొడితే చెత్తల పడేస్తరు గద సార్!"

"ఏం చేస్తాం, మనవి ఖర్జూరం డబ్బాలు," అన్నాడు మురళీ నవ్వకుండానే.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ ప్రెస్సులో హన్మంతు ఇరవై రెండేళ్లుగా మిషన్ నడుపుతున్నాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. ఏలూరు నుంచి వచ్చిన మురళీ క్వాలిటీ ఆఫీసరు. ఏ పనికైనా మొదటి షీటు మీద ఇద్దరి సంతకాలూ పడితేనే మిషన్ తిరుగుతుంది. మురళీ షీటును లైటు కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, "ఎలా ఉంది హన్మంతూ?" అని అడుగుతాడు. "సరిగ్గుంది సార్," అని హన్మంతు అంటేనే సంతకం పెడతాడు. కింది మనిషి మాటకు అంత విలువిచ్చే ఆఫీసరు షార్జా మొత్తం వెతికినా దొరకడని మిషన్ దగ్గరివాళ్లు చెప్పుకుంటారు.

రంజాన్ కోసం అచ్చు వేసిన ఖర్జూరం డబ్బాలతో గొడవ మొదలైంది. డబ్బా మీది ఖర్జూరాలు పాచి పట్టినట్టు ఆకుపచ్చగా వచ్చాయి. నలభై వేల డబ్బాలూ వెనక్కి తిరిగొచ్చాయి. ముదీర్, అంటే ప్రెస్సు మేనేజరు, నిప్పులు చెరిగాడు. మిషన్ మనిషి కళ్లు పరీక్షించి సాయంత్రంలోగా చెప్పమని మురళీతో అన్నాడు. తేడా ఉంటే వీసా రద్దు, విమానం టికెట్టు.

"ఆస్పత్రికి తోలుతరేమో అనుకున్న సార్."

"తోలితే సంతకం పెట్టిన ఇద్దరమూ వెళ్లాలి. ఎందుకొచ్చిన గొడవ? నేనే చూస్తానన్నాను."

హన్మంతుకు భయం వేయలేదు. కూతురు స్వర్ణకు నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది. పని పోతే అది ఆగిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా మనసును తాకడం లేదు.

"ఒక మాట సార్. గా ఖర్జూరం షీటు నేను సూడనేలే."

మురళీ తలెత్తాడు.

"గా పొద్దుగాలనే మా కిష్టవ్వ సచ్చిపోయిందని ఫోనొచ్చింది. సెలవులు బంద్ ఉండె. వీడియోలనే సాగనంపి మిషన్ కాడికొచ్చిన. మీరడిగితే సూడకుంటనే సరిగ్గుందన్న."

భార్య పోయి పన్నెండు రోజులైంది. హన్మంతు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. పెట్టింది తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు. తనకేమైందో తనకే తెలియడం లేదు.

"నాతో అన్నావు సరే, ముదీర్‌తో ఈ మాట అనకు," అన్నాడు మురళీ మెల్లగా. "నీ కళ్లు బాగున్నాయని తేలితే చాలు. తప్పు ఇంకు మీదికి తోసేస్తాను."

"మీరు గూడ లైటు కింద శానసేపు సూసిండ్రు గద సార్?"

"నీ మాట మీద నమ్మకం. ఊఁ కానివ్వు, యల్లా!"

"గీటి వరుస యాడన్న రాసి పెట్టిండ్రా?"

"పదేళ్లుగా నా దగ్గరున్న కార్డులు. రాసుకోవడం కూడానా?"

హన్మంతు ఒక్కో కార్డూ చేతిలోకి తీసుకున్నాడు. గడ్డి చూశాడు, ఆకాశం చూశాడు, ఆటగాడి చెంప చూశాడు. ఒక్కొక్కటే బల్ల మీద పెట్టుకుంటూ పోయాడు. మధ్యలో రెండింటిని అటూ ఇటూ మార్చి, "అయింది సార్," అని పక్కకు జరిగాడు.

మురళీ బల్ల మీది లైటు వేశాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కో కార్డు మీదా వేలు పెట్టుకుంటూ నిదానంగా కుడి చివరిదాకా వచ్చాడు.

"ఎలా ఉంది హన్మంతూ?"

"సరిగ్గుంది సార్."

"అవును, అన్నీ కరెక్టే. ఒక్కటీ తప్పలేదు. నీ కళ్లకేమీ కాలేదు, ఖలాస్!" మురళీ ముదీర్‌కు పంపాల్సిన కాగితం మీద గబగబా సంతకం చేశాడు.

హన్మంతు అక్కడే నిలబడిపోయాడు. ఇన్ని రోజులకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకేంటయ్యా? గండం గడిచిందిగా."

"మీ పిల్లలు గూడ ఇంక సదువుకుంటనే ఉన్నరు గద సార్?"

"ఇద్దరూ చదువుతున్నారు. ఎందుకు?"

"ఏం లేదు సార్. ఇగ నుంచి ప్రతి షీటు నేను మంచిగ సూసి చెప్త. మీరు సంతకం పెట్టుండ్రి."

చేతిగుడ్డతో ముఖం తుడుచుకుని హన్మంతు మిషన్ దగ్గరికి నడిచాడు.

పన్నెండు కార్డులనూ అతడు కావాలనే ఎడమ చివర ఎరుపుతో మొదలుపెట్టి ఆకుపచ్చ దాకా పేర్చాడు.