మా ఆయన కట్టిన స్టేజీ

రెండు రోజులుగా మా అమ్మాయి బడి నుంచి గౌనంతా దుమ్ముతో వస్తోంది. ఏమిటే అంటే, "నేల మీద కూర్చోమన్నారమ్మా. మా క్లాసులో బెంచీలు లేవు" అంది.

వడ్రంగం చేసే మా ఆయనకి వెంటనే పూనకం వచ్చింది. కూతురి చదువు ఆయనకి గుర్తొచ్చేది ప్రభుత్వాన్ని తిట్టాల్సినప్పుడే.

"చూశావా వీళ్ళ నిర్వాకం! మా నాయకుడు రానీ, పిల్లల తలరాతలు మారిపోతాయి!"

"ఆయనొచ్చేదాకా ఇది నేల మీదేనా? మీరే ఒక బెంచీ చేసివ్వచ్చుగా?"

"తీరికేదీ? రేపటి సభకి స్టేజీ పూర్తి చెయ్యొద్దూ?" అని సుత్తి పట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మమ్మల్నీ సభకి లాక్కెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. దేశాన్ని ఉద్ధరించేవాళ్ళకి పెళ్ళాం బిడ్డలు తలల లెక్కకే పనికొస్తారు.

"నేను గెలిస్తే ఏ బిడ్డా నేల మీద కూర్చోదు! ప్రతి బిడ్డకీ బెంచీ!" అని నాయకుడు స్టేజీ అదిరేలా అరిచాడు. మా ఆయన అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టాడు. "విన్నావా తల్లీ?" అంటూ కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

అంతలో గాలికి స్టేజీ ముందు కట్టిన గుడ్డ పైకి లేచింది. మా అమ్మాయి వేలు చూపించింది.

"నాన్నా, ఆ చెక్క మీద చిలకని నేనే కంపాస్ ముల్లుతో చెక్కాను. ఆయన నించున్నది మా బెంచీల మీదే!"

"తెలుసులేవే, మేకులు కొట్టింది నేనేగా!" అన్నాడు మా ఆయన. "ముందు చప్పట్లు కొట్టు."