పైగదిలో కంపెనీ మనిషి

పెట్టె మెట్ల మీదికి వచ్చి పడింది.

"ఇవాళే ఖాళీ చెయ్యండి," అంది లాండ్రీ యజమానురాలు.

పైగదిలో అద్దెకున్నాయన గుమ్మంలో నిలబడిపోయాడు. వచ్చి నెల కూడా కాలేదు.

"నేనేం తప్పు చేశానమ్మా?"

"కంపెనీ మనిషినని ముందే ఎందుకు చెప్పలేదు? పొద్దున మీరు వాళ్ళ జీపు దిగుతుంటే మా మరిది చూశాడు."

ఆయన కాదనలేదు.

ఊరి చివర పొలాల్లో ఆ కంపెనీ వాళ్ళు గ్యాస్ కోసం బావి తవ్వుతున్నారు. మందులు కలిపిన నీళ్ళు నేల లోతుకి పంపు చేసి, రాతిని చీల్చి గ్యాస్ తీస్తారట. ప్రభుత్వం ముందు పరీక్షకి మాత్రమే ఒప్పుకుంది. పనులొస్తాయని ఊళ్ళో సగం మంది సంబరం, నీళ్ళు పోతాయని సగం మంది భయం. ఆమె లాండ్రీ నడిచేది పెరటి బావి నీళ్ళతోనే.

"అందుకేనన్నమాట! గోడ ఎప్పుడు బీటలిచ్చింది, అలమరలో గ్లాసులు ఎప్పుడు గలగలలాడాయి అని కూపీ లాగారు. ఎవరు ఎదురు తిరుగుతున్నారో పైవాళ్ళకి చేరవెయ్యడానికి!"

"అందుకు కాదమ్మా."

"మరెందుకు?"

ఆయన వంగి పెట్టె నిలబెట్టాడు.

"ఇప్పుడు చెప్పకూడదు. రేపటి దాకా ఉండనివ్వండి. ఆ తర్వాత ఎలాగూ వెళ్ళిపోతాను."

"మా నేల పగలగొట్టేవాళ్ళకి నా ఇంట్లో ఒక్క పూట కూడా చోటు లేదు."

కింద ఇస్త్రీ చేస్తున్న మరిది తలెత్తాడు.

"వదినా, సాయంత్రమైంది. ఈ వేళప్పుడు ఎక్కడికి పోతాడు?"

"నువ్వు నోర్ముయ్. ఆ కంపెనీలో డ్రైవరు పని దొరుకుతుందనేగా నీ ఆశ!"

మరిది మళ్ళీ ఇస్త్రీలో పడ్డాడు.

ఆయన దండెం మీది తడి చొక్కా తీసి, మడిచి, పెట్టెలో పెట్టుకున్నాడు. మెట్లు దిగుతూ ఒక్క క్షణం ఆగాడు.

"పైన కుళాయి కారుతోందమ్మా. బాగు చేయించుకోండి," అని వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఊరంతా మున్సిపల్ హాల్లోనే ఉంది. కూర్చునేందుకు చోటు లేక కిటికీలెక్కిన వాళ్ళున్నారు.

ఆ తవ్వకం మీద విచారణకి వచ్చిన ప్రభుత్వ అధికారి లేచాడు.

"గ్యాస్ బావి మూయించేస్తున్నాం. అనుమతి రద్దయింది."

హాల్లో పైకప్పు ఎగిరిపోయేలా కేకలు.

లాండ్రీ ఆమె కుర్చీలో కూలబడి, నవ్వుతూనే ఏడ్చేసింది. ఎన్ని నెలల తర్వాతో గుండె మీది బండ దిగింది.

"పోనీలే వదినా," అన్నాడు మరిది. "పని ఇంకోచోట వెతుక్కుంటాను. మన నీళ్ళు మనకి మిగిలాయి, అంతే చాలు."

ఆమె జనాన్ని తోసుకుంటూ అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"ఇన్నాళ్ళూ మేం గొంతు చించుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడెలా కుదిరిందండీ?"

"కంపెనీ ఇంజనీరే ఒకాయన ఆపించాడమ్మా. నేల అదురుతోందని తెలిసీ పైవాళ్ళు పంపు నడపమన్నారట. ఆయన తనంతట తానే ఆపేశాడు. నేల అదరలేదు, మిషనే తప్పు చూపించిందని ఆయన్ని చెప్పమన్నారు. చెప్పలేదు. నిన్న మా ముందుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇంకాస్త నడిచుంటే ఆ మందు నీళ్ళు మీ బావుల్లోకి దిగేవి."

"మరి ఆయన ఉద్యోగం?"

"ఊడింది. ఆ సంగతి తెలిసే వచ్చాడు."

ఆమె కళ్ళు మళ్ళీ చెమర్చాయి.

"ఎక్కడున్నాడండీ ఆ మహానుభావుడు? మా ఇంటికి తీసుకెళ్ళి కడుపునిండా భోజనం పెడతాను."

"పొద్దున బస్సుకే వెళ్ళిపోయాడమ్మా," అంటూ అధికారి బయటికి నడిచి కారు తలుపు తీశాడు. "మీ ఊళ్ళో ఏదో లాండ్రీ ఉందట కదా, మొన్నటిదాకా దాని పైగదిలోనే అద్దెకున్నాడట."