డప్పు ఎవరికి

గోదావరికి పెద్ద వరద వచ్చాక ముప్పై నాలుగో ఏడు.

ఆ వరదలో నా భార్య ఎస్తేరమ్మ నెత్తిన పెట్టుకుని గట్టుకు చేర్చిన డప్పు, ఇప్పుడు ఐర్లండ్‌లోని ములింగార్‌లో మా పెద్దవాడు గిడియన్ ఇంట్లో గోడకుంది.

నలభై ఏళ్ళు ఆమె పొయ్యి దగ్గర కాచి ఇచ్చింది. నేను వాయించాను. తోలుకు సెగ తగలనిదే డప్పు పలకదు.

పిల్లల్ని చూసిపోదామని డప్పు పట్టుకుని వచ్చాం. కరోనా వచ్చి విమానాలు ఆగాయి. చర్చి మూశారు. తెలుగువాళ్ళ ప్రార్థన ఫోన్లోనే. ఈస్టర్ ప్రార్థనకు డప్పు నేను వాయించాలి.

ఈస్టర్‌కి వారం ముందు నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి లేవలేదు.

కొడుకులిద్దరూ డప్పు నాకంటే నాకన్నారు.

"పెద్దోణ్ణి నేనుండగా ఆడికెందుకు నాన్నా?" అన్నాడు గిడియన్.

రెండు వీధుల అవతల నుంచి చిన్నవాడు యోనా ఫోన్ చేశాడు.

"అన్నయ్య వాయిస్తే లేచిన ప్రభువు మళ్ళీ పడుకుంటాడు నాన్నా."

గిడియన్ విన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నేను ఎవరి పేరు చెప్పినా రెండోవాడు దూరమవుతాడు.

శనివారం పక్కింటి నోమ్సా కంచె అవతల బట్టలు ఆరేస్తోంది. ఆఫ్రికాలో స్వాజీల మనిషి. మనవరాలు జెమీమా మా తగువంతా ఆమెకు ఇంగ్లీషులో చెప్పేసింది. నోమ్సా అన్నది నాకు తెలుగులో చెప్పింది.

పూర్వం వాళ్ళ రాజు సోభూజా పోతే, గద్దె పెద్దకొడుక్కి ఇవ్వలేదట. వయసు చూడరట. రాజుకు భార్యలు చాలామంది కాబట్టి తల్లి ఎవరో చూస్తారట. అలా ఎంచిన కొడుకు చిన్నవాడైతే, ఎదిగేదాకా తల్లే ఏలుతుందట.

"మావాళ్ళిద్దరికీ తల్లి ఒక్కతేగా. అడుగు," అన్నాను.

నోమ్సా నోట్లోని క్లిప్పు తీసి జవాబు చెప్పింది. జెమీమా నవ్వు ఆపుకోలేకపోయింది.

"మరి వాళ్ళు ఎదిగారా అంటోంది తాతా."

వంటింట్లోకి వెళ్ళాను. ఎస్తేరమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. మడమతో నేలమీద దరువు వేస్తోంది. ఒక్క దెబ్బా తప్పడం లేదు.

డప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"కాచిపెట్టాలా?" అంది.

"కాదే. రేపు నువ్వు వాయించు."

గుమ్మంలో ఉన్న గిడియన్ విన్నాడు. ఫోన్ తీశాడు. వారం తర్వాత తమ్ముడితో మొదటి మాట.

"ఒరేయ్, అమ్మ వాయిస్తాదంట."

ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుంది.

"మరి కాచేదెవరయ్యా?"

మర్నాడు పొద్దున్నే గ్యాస్ పొయ్యి ముందు నిలబడి, ఎడమ చేత్తో డప్పు కాచాను.