టికెట్ అక్కర్లేని ఇల్లు

"ఒక టికెట్టియ్యి వినోదూ," అంటూ పేరమ్మ కౌంటరు కిటికీలో పది రూపాయల నోటు పెట్టింది.

గంగమ్మ గుడికి బయటూళ్ల జనం పెరిగాక టికెట్ పెట్టారు. మగవాడు సముద్రం మీద చేపల వేటలో ఉన్న ఇంటి ఆడవాళ్లకు మాత్రం అక్కర్లేదన్నారు పాలెం పెద్దలు. నాలుగు రోజుల్లో తిరిగి రావాల్సిన పేరమ్మ మొగుడి పడవ పందొమ్మిది రోజులైనా రాలేదు. నిన్నటిదాకా ఆమె టికెట్ లేకుండానే లోపలికి పోయి మొక్కుకునేది.

"నీకెందుకత్తా? మామ వేటకు పోయుండాడు గదా," అన్నాడు వినోద్, ఆమె మొహం చూడకుండా.

"ఇయ్యిరా. ఎనకాల జనం నిలబడుండారు."

ఆ నోటు తీసుకుంటే మామ ఇక రాడని తానూ ఒప్పుకున్నట్టే. వినోద్ దాన్ని సొరుగులో వేసి టికెట్ చింపి ఇచ్చాడు.

పేరమ్మ వెళ్లి బయటూళ్ల వాళ్ల వరుసలో చివర నిలబడింది.