కంటికి కనబడని కంచె

కరువు శిబిరానికి మేత తెచ్చే డ్రోను ఈ వారం రాలేదు. ఆకలికి గొర్రెలు ఒక్కొక్కటే ఒరిగిపోతున్నాయి. కంటికి కనబడని కంచె మాత్రం పనిచేస్తూనే ఉంది. దాని గీత దాటబోయిన గొర్రెకు మెడపట్టీ షాకు కొడుతుంది. అవతలేమో పోయిన వానకు పచ్చగా గరిక లేచింది.

కాపరి కెంచప్ప తెగించి పట్టీలన్నీ కోసేశాడు. అయినా మంద గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"పిల్లనెత్తుకోని ముందర నడువు. తల్లి యాడికైనా వస్తాది," అంది భార్య మాళక్క.

తాతల కాలం నుంచీ మందలు వాగులు దాటింది అట్లాగే. మొన్న పుట్టిన పిల్లను చంకనెత్తుకుని అతను గరికలోకి నడిచాడు. తల్లి అరిచింది. కాలెత్తింది, మళ్లీ వెనక్కే పెట్టింది.

"రా తల్లీ, ఏం కాదులే," అని బతిమాలాడు.

అది రాలేదు. చేతులు నొప్పెట్టి పిల్లను కిందికి దించాడు. పట్టీ అంటే ఏమిటో ఎరగని ఆ పిల్ల తడబడుతూ పరుగెత్తి, గీత దాటి, తల్లి ఎండిపోయిన పొదుగు కిందే దూరింది.