ముందు బ్రేకులు

1982 మార్చి 14, ఆదివారం. ఫ్రోజెన్ పాలకూరతో చేసిన పప్పు, బంగాళదుంప వేపుడు తిని, తండ్రీకొడుకులు గరాజ్‌లోకి వెళ్లారు.

అక్కడ రాజ్ కొన్న సెకండ్ హ్యాండ్ మజిల్ కారు ఉంది. ఎర్రది, వి-ఎయిట్ ఇంజన్. స్టార్ట్ చేస్తే టెక్సాస్‌లోని ప్లేనోలో ఆ వీధి వీధంతా వినాల్సిందే. రాజ్‌కి పదహారేళ్లు.

"బండి నీదే. కానీ నాకు తెలియకుండా ఇందులో ఏదీ మార్చకూడదు. నేను పక్కన లేకుండా ఇది రోడ్డెక్కకూడదు. మాటిస్తావా?" అన్నాడు కృష్ణమోహన్.

"ప్రామిస్, డాడీ."

కృష్ణమోహన్‌కి ఆ మాటే కావాలి. కొడుకు తనతో మనసు విప్పి మాట్లాడి చాలాకాలమైంది. ఈ కారు వంకతోనైనా వాడు తన పక్కన నిలబడతాడని ఆశ.

స్పేర్ పార్టుల కేటలాగ్ బానెట్ మీద పరిచారు.

"ఫస్ట్ స్పీడ్ కోసం ఫోర్ బ్యారెల్ కార్బ్యురేటర్. దెన్ ఎగ్జాస్ట్. సౌండ్ ఎట్లా వస్తుందో చూడు, డాడీ."

"ముందు బ్రేకులురా. పరిగెత్తడం దీనికి బాగానే వచ్చు. ఆగడం నేర్పాలి."

"బ్రేక్స్ ఎవరికి కనిపిస్తాయి? ఫ్రెండ్స్ లాఫ్ చేస్తారు."

కాఫీ తెచ్చిన భార్య వసుమతి కేటలాగ్‌లో రెండు పేజీలు తిరగేసింది. "ఈ ఎండలకి ఇంజన్ వేడెక్కదూ?" అంది.

"నీకెందుకీ గోల?" అని నవ్వాడు కృష్ణమోహన్. ఆమె తనకి డ్రైవింగ్ నేర్పమన్నప్పుడూ అలాగే నవ్వేవాడు. శనివారాలు కూరగాయలకి తనే తీసుకెళ్తున్నాడు కదా.

ఏప్రిల్‌లో న్యూ మెక్సికోలో ఒక కాలేజీవాళ్లు వసుమతిని కెమిస్ట్రీ చెప్పడానికి రమ్మన్నారు.

"అంత దూరమా? రెండు చోట్ల రెండు కాపురాలా? వద్దని ఫోన్ చేసెయ్" అన్నాడు.

"సరేనండీ" అంది. వాదించలేదు. ఆ మంచితనానికి ఆయన మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ పై ఆదివారం రాజ్ పూర్తిగా మారిపోయాడు.

"బ్రేక్స్ ఫస్ట్, డాడీ. ఫ్రంట్ వీల్స్‌కి డిస్క్ బ్రేక్స్. నెక్స్ట్ ఇంజన్ హీటెక్కకుండా పెద్ద రేడియేటర్."

ఆ తరవాత కొత్త టైర్లు, షాక్ అబ్జార్బర్లు. కార్బ్యురేటర్ ఊసే లేదు. ఇద్దరూ కారు కింద పక్కపక్కన పడుకుని నట్లు బిగించారు. వాడి భుజం తన భుజానికి తగులుతుంటే కృష్ణమోహన్‌కి పని ఇంకాస్త నెమ్మదిగా చేయాలనిపించేది.

స్నేహితుడు గోపాల్‌కి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"మజిల్ కారుకి రేడియేటర్ అడిగాడా? కుర్రాడికి జ్వరం గాని ఉందేమో చూశావా?" అన్నాడు గోపాల్.

జూన్‌లో ఒక సాయంత్రం డ్రైవర్ సీట్లో కూర్చోబోతే కృష్ణమోహన్ మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. సీటు బాగా ముందుకి లాగి ఉంది. రేసులు తోలేవాళ్లు ఇలాగే కూర్చుంటారు కాబోలు. అనుమానం వచ్చి మీటరు చూశాడు. తను పక్కన లేని మైళ్లు అందులో చాలా ఉన్నాయి.

కొడుకుని పిలిచాడు.

"ఎవడితోరా పందేలు?"

"రేస్ చెయ్యలేదు, డాడీ."

"బండి బయటికి వెళ్లిందా, లేదా?"

వంటింటి గుమ్మంలో గిన్నె తుడుస్తున్న వసుమతి చెయ్యి ఆగింది. రాజ్ అటు చూడలేదు.

"వెళ్లింది."

"బ్రేకులు, రేడియేటరు అన్నదంతా నన్ను నమ్మించడానికా?"

"సారీ, డాడీ."

కృష్ణమోహన్‌కి ఆ పూట అన్నం సహించలేదు. వాడు వేగం కోరుకున్నందుకు కాదు. కారు కింద తన పక్కన పడుకుని నట్లు బిగించినదంతా నాటకమైపోయినందుకు.

తాళాలు తన జేబులో వేసుకున్నాడు. వారం తిరగకముందే మనసొప్పక వాటిని మళ్లీ గోడ మేకుకి తగిలించాడు. మీటరు చూడటం మానేశాడు. కొడుకుని దొంగని చూసినట్టు చూడటం తనవల్ల కాలేదు.

ఆగస్టు. శ్రావణ శుక్రవారం. ఆఫీస్ నుంచి వచ్చేసరికి గరాజ్ ఖాళీగా ఉంది.

వసుమతి కూడా లేదు. పక్క వీధి రాధారాణి గారింటికి పేరంటానికి వెళ్లి ఉంటుందనుకున్నాడు. స్టవ్ మీద చారు, మూత పెట్టిన అన్నం ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. ఇంటి ముందు మెట్టు మీద కూర్చున్నాడు. ఈసారి వాడు రాగానే బండి అమ్మేయాలి. వీధిలో ఏ కారు మలుపు తిరిగినా తల ఎత్తి చూశాడు.

చీకటి పడుతుండగా రాజ్ వచ్చాడు. నడిచి వచ్చాడు.

"బండేదిరా? ఎక్కడైనా గుద్దేశావా?"

"లేదు, డాడీ. కార్ బాగానే ఉంది."

"ఎవడి చేతికిచ్చావు?"

రాజ్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా.

"బ్రేక్స్ బాగా పని చేస్తున్నాయి, డాడీ. మార్నింగ్ నేనే చెక్ చేశాను."

ఆ వేళకి ఆరు వందల మైళ్ల అవతల న్యూ మెక్సికోలో, తనని రమ్మన్న కాలేజీ పక్కన అద్దెకి తీసుకున్న గదిలో, వసుమతి ఆ ఎర్ర కారు తాళాలు బల్ల మీద పెట్టి, రాత్రికి తలుపు నెమ్మదిగా మూసుకుంది.