వెనక్కి తిరిగినందుకు

"గోడవైపు తిరిగి నిలబడు. నేను వెనక నుంచి పిలుస్తాను. వినబడితేనే తిరుగు," అని మిలిటరీ దవాఖానాలో డాక్టరు సైగలు చేస్తూ చెప్పాడు.

పోతయ్య గోడకేసి నిలబడ్డాడు. సరిహద్దులో ఫిరంగుల పక్కన పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకుని వచ్చాడు. చెవుడని ఇవాళ తేలితేనే పరిహారం.

కాసేపటికి గిరుక్కున వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ పైకెత్తాడు కూడా.

డాక్టరు నవ్వాడు. "పిలవగానే తిరిగావు. ఇంక నీకు చెవుడేంటి?"

పెదవుల కదలికను బట్టి పోతయ్యకు అర్థమైంది. "ఇనబడి తిరగలే సార్. అలవాటయింది."

"ఏం అలవాటు?"

ఎదుట ఉన్న డాక్టరుదీ యూనిఫామే. ఆ సంగతి చెప్పకుండా పోతయ్య చేతులు దించేశాడు. డాక్టరు 'వినికిడి బాగుంది' అని రాసేశాడు.

మర్నాడు చర్లలో బస్సు దిగి పోతయ్య తన ఊరికి అడవి బాట పట్టాడు. ఆ బాటలో నక్సలైట్లను పట్టడానికి పెట్టిన పోలీసు క్యాంపు ఉంది. దాటిపోయేవాళ్లను వెనక నుంచి ఆగమని కేకేస్తారు. ఆగకపోతే తుపాకీ పేలుతుందని ఊరంతటికీ భయం.

భార్య నాగక్క బతికున్నన్నాళ్లూ అతని వెనకే నడిచేది. కేక వినబడగానే అంగీ పట్టుకుని గుంజేది.

ఆమె పోయినప్పటి నుంచి కాసేపటికోసారి అతనే వెనక్కి తిరిగి చేతులెత్తుతున్నాడు.

క్యాంపు దాటాక ఇప్పుడూ తిరిగాడు. బాట మీద ఎవరూ లేరు.

ఎత్తిన చేతులు దించకుండా, ఆమె నడిచే చోటుకేసి చూస్తూ అన్నాడు: "నాకు మంచిగనే ఇనబడుతదంటనే."